చెషిన్ కాగితాలు

అక్టోబర్ 18, శనివారం

చెషిన్ ఊరి కోట ఉన్నది కొండ అంటారు గానీ దిబ్బే. రాళ్లు పరిచిన దారిలో ఆయాసం లేకుండా ఎక్కేయొచ్చు. పైన పార్కు, పెద్ద చెట్లు, పద్నాలుగో శతాబ్దపు పియాస్ట్ వంశపు బురుజు. అందరూ టికెట్టు కొని ముందు బురుజే ఎక్కుతున్నారు. కిందున్న గుండ్రటి రాతి గుడిలోకి ఆ తర్వాత, అదే టికెట్టు మీద, ఎలాగూ డబ్బు కట్టాం కదా అన్నట్టు తొంగిచూసి వచ్చేస్తున్నారు.

పునీత నికోలస్ రొటుండా. పదకొండో శతాబ్దపు కట్టడం. పోలెండ్‌లో ఇంత పాతవి, ఇంత నిండుగా నిలబడ్డవి చాలా తక్కువ. మా అన్న కొడుకు కటోవిత్సెలో ఉద్యోగం చేస్తున్నాడు, వాడే కారులో తీసుకొచ్చాడు. జేబులోంచి ఇరవై జ్లోటీల నోటు తీసి వెనక్కి తిప్పాడు. "బాబాయ్, రోజూ దీంతో కాఫీ తాగుతున్నాను, ఇక్కడుందని తెలీదు." బొలెస్వాఫ్ రాజు కాలంనాటి వెండి నాణెం పక్కన ఈ గుడే అచ్చయి ఉంది.

లోపల ఒకటే గది, గుండ్రంగా. తూర్పున అర్ధవృత్తంలా తొలిచినట్టున్న చోటు బలిపీఠానిది. బల్లపరుపు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలు. వాటి మందం ఎంతంటే, పైకి వెళ్లే మెట్లదారి గోడ కడుపులోనే ఇమిడిపోయింది. ఆ మెట్లు పడమటి వైపు చిన్న మేడ మీదికి తీసుకెళతాయి. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నిలబడేటంత చోటు.

నాకు ఈ మేడ మీదే ఆసక్తి.

అక్టోబర్ 18, రాత్రి

మేడ కోట అధికారిది. రాజు తరఫున కోటను ఏలేవాడు, కస్తెలాన్ అంటారు. చుట్టుపక్కల పల్లెల పన్నులు, తగవులు, యుద్ధానికి మనుషుల్ని పంపడం, అన్నీ వాడి చేతిమీదే. వాడు కుటుంబంతో పైన నిలబడితే, గురువు కింద పూజ చేస్తాడు. పైన ఉన్నవాడికి బలిపీఠం కళ్లెదురుగా ఉంటుంది. మిగతావాళ్లు? కింద ఆ గదిలో ఒత్తుగా నిలబడితే ఎందరు పడతారు! కోట మనుషులకే చాలదు. దిబ్బ కింది పల్లెల వాళ్ల కోసం కట్టింది కాదని గది కొలతే చెబుతోంది.

మధ్య ఐరోపాలో మొదటి గుళ్లు చాలావరకు ఇలాంటివే. కట్టించినవాడి సొంత ఆస్తి. గుర్రపుశాల, ధాన్యపుకొట్టు లాగా కోటలో అదొక భాగం. గురువు వాడి మనిషి. విచారణ అని మనం ఇవాళ అనుకునేది, అంటే హద్దులు గీసిన ఊళ్లు, వాళ్లకొక గుడి, ఒక విచారణ గురువు, జ్ఞానస్నానాలు మొదలు సమాధుల దాకా ఆ గుడికే చెందే జనం, అది నిదానంగా, నూటయాభై రెండొందల ఏళ్లలో, ఈ సొంత గుళ్ల చుట్టూ పేరుకుంటూ వచ్చింది.

అక్టోబర్ 19, ఆదివారం

పొదొబొరా వెళ్లాం. దేశం మారింది. ఓల్జా నది మీద వంతెన దాటితే చెక్ రిపబ్లిక్. ఎవరూ ఆపలేదు. 2007 డిసెంబర్ నుంచి ఇక్కడ పాస్‌పోర్టు చూసే పని లేదు. 1920లో, మొదటి ప్రపంచయుద్ధం గెలిచిన దేశాల రాయబారులు కూర్చుని ఊరిని నది వెంట రెండుగా కోశారు. కోట దిబ్బ, పాత ఊరు పోలెండ్‌కి వెళ్లాయి. రైల్వే స్టేషన్ చెకోస్లొవేకియాకి. ఆ పంపకంలో చరిత్ర కూడా రెండైంది. చెషిన్ కోట పోలిష్ వాళ్లకు, దానికంటే ముందటి కోట చెక్ వాళ్లకు.

ఆ ముందటి కోట ఇదే. నది దిగువన, ఒడ్డు పైన ఎత్తైన నేల. ఎనిమిదో శతాబ్దంలో ఇక్కడ స్లావ్ తెగ ఒకటి కోట కట్టుకుంది. గొవెంషిత్సే అంటారు వాళ్లను. తొమ్మిదో శతాబ్దంలో బవేరియాలో ఒకాయన స్లావ్ తెగల పట్టిక రాసి పెట్టాడు. ఆయన పేరు తెలీక పండితులు బవేరియా భూగోళవేత్త అని పిలుస్తారు. అందులో ఈ తెగ పేరు ఎదురుగా ఐదు కోటలు అని ఉంది. అంతే. రాజు పేరు లేదు, దేవుడి పేరు లేదు. ఒక తెగ, ఒక అంకె.

ఆ శతాబ్దం చివర్లో కోట తగలబడింది. మొరావియా రాజు స్వతొప్లుక్ పని అని చరిత్రకారుల అంచనా. మళ్లీ కట్టుకున్నారు, మళ్లీ బతికారు. పదకొండో శతాబ్దంలో ఖాళీ అయింది. సరిగ్గా అదే కాలంలో చెషిన్ దిబ్బ మీద కొత్త కోట లేచింది. కొత్త రాజ్యానికి తన చెప్పుచేతల్లో ఉండే కోట కావాలి, పాత తెగ పెద్దల కోట కాదు. పోలెండ్‌లో చాలా చోట్ల తెగల కోటలు ఇలాగే చల్లబడ్డాయి, పక్కనే రాజు కోటలు లేచాయి.

ఇప్పుడిక్కడ తిరిగి కట్టిన కట్టెల కంచె, ద్వారం, కొన్ని పాకలు. బడిపిల్లల కోసం. కంచె కర్రలు మరీ కొత్తగా, ఒకే మందంలో, రంపపు మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టున్నాయి. నాకంత నచ్చలేదు. కందకం మాత్రం అసలుది. దాని పక్కన నిలబడి కిందికి చూస్తే అర్థమవుతుంది, ఎంత మట్టి ఎత్తి పోశారో.

అక్టోబర్ 22

వాన. బయటికి కదల్లేదు.

మట్టికోటలు కట్టిన తీరు గురించి చదువుతున్నాను. వియెల్కొపోల్స్కా ప్రాంతపు పెద్ద కోటల్లో, పొజ్నాన్‌లో, గ్నియెజ్నోలో, గోడ అంటే మట్టి కుప్ప కాదు. దుంగలు ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేరుస్తారు. కొన్ని దుంగలకు కొమ్మ మొదలు కొట్టేయకుండా కొక్కెంలా వదిలేస్తారు. ఆ కొక్కెం పక్క దుంగను జారనీయకుండా పట్టుకుంటుంది. మధ్యలో మట్టి, ఇసుక, రాళ్లు. మేకు లేదు. ఒక్కో కోటకు ఓక్ అడవులకు అడవులే నరికి ఉంటారు.

ఆ ఓక్ దుంగలే ఇప్పుడు సాక్ష్యం చెబుతున్నాయి. వలయాలు లెక్కపెట్టి ఏ ఏడు నరికిన చెట్టో చెప్పేస్తున్నారు. లెద్నిత్సా సరస్సులోని దీవికోటకు పడమటి ఒడ్డు నుంచి వేసిన కర్రవంతెన 438 మీటర్ల పొడవు, దాని దుంగలు 963, 964 నాటివి. పోలెండ్‌ను ఏలిన మియెష్కో రాజు క్రైస్తవుడై జ్ఞానస్నానం పొందింది 966లో. అంటే వంతెన ముందు, దేవుడు తర్వాత.

అక్టోబర్ 23

థీట్మార్. మెర్సెబుర్గ్ పీఠాధిపతి, 1018లో చనిపోయాడు. పోలిష్ వాళ్లంటే ఆయనకు పడదు, అయినా ఆ కాలం గురించి ఆయన్ని వదిలితే మనకు దిక్కులేదు. మియెష్కో కొడుకు బొలెస్వాఫ్, ఆ ఇరవై నోటు మీది రాజు, అతని రాజ్యం గురించి ఒక మాట రాశాడు: ఉపవాసకాలం మొదలయ్యాక ఎవడైనా మాంసం తిన్నట్టు తేలితే పళ్లు రాలగొడతారు. రాసి, తప్పుపట్టలేదు. దేవుని ధర్మం ఆ దేశానికి కొత్తగా వచ్చింది కనుక, పీఠాధిపతులు చెప్పే ఉపవాసం కంటే ఈ గద్దింపే దాన్ని గట్టిగా నిలబెడుతుందని ఆయన అభిప్రాయం.

పీఠాధిపతి నోట ఈ మాట! రొటుండా మేడ మీద నిలబడ్డవాడి చేతిలో ఏముందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఆ గద్దింపు ఎంతకాలం నిలిచిందీ అంటే, ఎక్కువ కాదు. రాజు మియెష్కో రెండోవాడు 1034లో పోయాడు. ఆ దశకంలోనే జనం తిరగబడ్డారు, గుళ్లు తగలబెట్టారు. అదను చూసి చెక్ రాజు బ్రెతిస్లావ్ దండెత్తి వచ్చి గ్నియెజ్నో నుంచి పునీత అదల్బర్ట్ అస్థికలు ప్రాగ్‌కి పట్టుకుపోయాడు. గియెచ్ అనే కోటలో ఉన్నవాళ్లు ఎదిరించకుండా లొంగిపోతే కోట జనాన్నంతా పశువులతో సహా చెక్ దేశానికి తోలుకెళ్లి అక్కడ ఊరు కట్టించాడు. చెషిన్ ఉన్న ఈ సైలీషియా సీమ కూడా చెక్ చేతికి పోయి, 1050లలో గానీ తిరిగి రాలేదు. ఊరికే కాదు, ఏటా వెండి, బంగారం కప్పం కడతామన్న ఒప్పందం మీద.

గుండ్రటి గుళ్లు చెక్, మొరావియా సీమల్లో విరివిగా ఉన్నాయి. ప్రాగ్‌లో, జ్నోయ్మోలో ఇప్పటికీ చూడొచ్చు. చెషిన్ గుడి ఆ కుటుంబానికే చెందుతుంది. ఎవరు కట్టించారన్న తగువులో పోలిష్, చెక్ అభిమానాలు రెండూ పనిచేస్తాయి. మేస్త్రీకి మాత్రం ఏ రాజైతేనేం, బల్లపరుపు రాయి, గుండ్రటి నమూనా తెలిస్తే చాలు.

అక్టోబర్ 25

ఈ ఊరి తిండి ఒకటుంది. రొట్టె ముక్క మీద ఉల్లి, గుడ్డు, ఉప్పుచేప. చవక. నిలబడే తినేస్తారు. మా వాడు వాసన చూసి వెనక్కి పెట్టాడు, నేను రెండోది అడిగాను. సముద్రం ఇక్కడికి చాలా దూరం. ఉపవాస దినాల్లో మాంసం ముట్టకూడదు కాబట్టి ఉప్పుచేప పీపాలు మధ్యయుగంలోనే ఐరోపా లోపలి ఊళ్లకు చేరుతూ వచ్చాయి. పళ్లు కాపాడుకునే తిండి.

అక్టోబర్ 28

1155 ఏప్రిల్. పాపుగారు నాలుగో ఏడ్రియన్ వ్రొత్సువాఫ్ పీఠానికి రక్షణపత్రం ఇచ్చారు. పీఠం పరిధిలోని కోటల పేర్లు వరసగా ఉన్నాయి, వాటిలో చెషిన్ ఒకటి. ఊరి పేరు కాగితం మీద కనిపించడం అదే మొదలు.

ఊరి కథ వేరేలా చెబుతుంది. 810లో ముగ్గురు రాకుమారులు, అన్నదమ్ములు, ఏళ్ల తరబడి దేశాలు తిరిగి ఒక ఊట దగ్గర కలుసుకుని సంతోషం పట్టలేక ఇక్కడ ఊరు కట్టారట. ఆ ఊట మీద ఇనుప కమ్మీల మంటపం ఒకటి కట్టి చూపిస్తున్నారు. ఏడాదితో సహా చెప్పే కథలను నేను నమ్మను. కానీ కథలో కోట లేదు, అధికారి లేడు, గుడి లేదు. అన్నదమ్ములు, నీళ్లు. ఊళ్లు తమ పుట్టుకను ఇలా చెప్పుకోవడానికే ఇష్టపడతాయి కాబోలు, పన్నుల పట్టికలో దొరికానని ఏ ఊరు చెప్పుకుంటుంది!

కాగితాల్లో మాత్రం అంతా వసూళ్లే. విచారణ పుట్టుక వెతుక్కుంటూ పోతే చివరికి చేరేది దశమభాగం దగ్గరికే. ఏ పల్లె ధాన్యంలో పదో వంతు ఏ గుడికి చెందాలి? ఈ ప్రశ్నకు జవాబు రాయాల్సి వచ్చినప్పుడే హద్దులు పుట్టాయి. ఆ తర్వాత పునీత పేతురు కానుక, రోముకి వెళ్లే సొమ్ము. పోలిష్ రాజ్యంలో తలకొక దేనారం. ఆ లెక్కలు పట్టుకునే చరిత్రకారులు ఆనాటి జనసంఖ్య అంచనా కడుతున్నారు. 1335 పట్టికలో, 1447 పట్టికలో చెషిన్ చుట్టుపట్ల విచారణలన్నీ పేరుపేరునా ఉన్నాయి. చాలా పల్లెల గుళ్లకు అదే పుట్టిన తేదీ అయి కూర్చుంది, అంతకుముందు ఎవరూ వసూలుకు వచ్చి రాసుకోలేదు కనుక.

నవంబర్ 1, శనివారం

సకల పునీతుల పండుగ. బస్సులు కిక్కిరిసి శ్మశానాల వైపు వెళుతున్నాయి. చేమంతి కుండీలు, గాజు దీపాలు. సాయంత్రానికి శ్మశానం మొత్తం ఎర్రగా వెలుగుతోంది. ముసలావిడ ఒకామె మా వాడి చేతికి దీపం ఇచ్చి, ఎవరూ రాని సమాధి ఒకటి చూపించి పెట్టమంది. వాడికి పోలిష్ అంతంత మాత్రమే. అయినా అర్థమైంది.

మతం మారిందని నేలలో మొదట తెలిసేది సమాధుల్లోనే. అంతకుముందు స్లావ్ తెగలు శవాన్ని కాల్చి బూడిద మిగిల్చేవాళ్లు. పదో శతాబ్దం చివరి నుంచి ఎముకలు దొరకడం మొదలవుతుంది. వరసలుగా, తూర్పు పడమరలుగా పడుకోబెట్టిన మనుషులు. మొదట్లో ఈ వరసలు పొలాల్లోనే, గుడికి దూరంగా. పక్కన పూసలు, కత్తి, చెవుల దగ్గర వెండి కొక్కేలు. విచారణ గుళ్లు చిక్కబడ్డాక సమాధులు గుడిగోడ పక్కకి జరిగాయి, వస్తువులు తగ్గాయి. పళ్లు రాలగొట్టి ఉపవాసం చేయించొచ్చు గానీ, చచ్చినవాణ్ణి ఎక్కడ పెట్టాలన్నది ఇంటివాళ్లు మనసు మార్చుకుంటే తప్ప మారదు. అది తరాల పని.

నవంబర్ 4

అసలు విచారణ గుడి ఎక్కడ?

ఈ ప్రశ్న నాకు ఆలస్యంగా తట్టింది. దిబ్బ మీది గుడి కోటవాళ్లది. కింద ఊరు పెరిగింది, సంత పెట్టుకుంది, చేతివృత్తులవాళ్లు వచ్చారు. 1290 నుంచి చెషిన్ ఒక చిన్న దొరతనానికి రాజధాని, పియాస్ట్ వంశంలో ఒక కొమ్మ దాని దొరలు. ఊరికి ఊరిదైన గుడి ఉండేది, మగ్దలా మరియ పేరు మీద. దాని చోటు చూద్దామని పొద్దున్నే బయల్దేరాను.

చోటు దొరికింది. అక్కడ నాటకశాల ఉంది. 1910లో కట్టింది. వియన్నావాళ్లు ఫెల్నర్, హెల్మర్ అని నాటకశాలలు కట్టడంలో చేయితిరిగిన జంట, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నిండా కట్టారు, ఇక్కడా ఒకటి. ముందు మైదానంలో కార్లు. విచారణ గుడి చుట్టూ సమాధులుండేవి ఆ రోజుల్లో. ఇక్కడ కారు నిలిపినవాడు దేని మీద నిలిపాడో వాడికి ఎవరూ చెప్పరు.

1789లో ఊరు తగలబడింది. ఆ మంటల్లో ఈ గుడి పోయింది. మళ్లీ కట్టలేదు. దొమినికన్ మఠంవారి గుడి ఖాళీ అయింది కాబట్టి విచారణను ఎత్తి అందులో పెట్టారు. మగ్దలా మరియ పేరు కూడా దానితోపాటే వెళ్లింది.

ఇక్కడే నాకు ఒకటి తోచింది, రాసి పెట్టుకుంటున్నాను. దిబ్బ మీది గుడి నిలిచింది, జనం దాన్ని వాడుకోవడం మానేశారు కాబట్టి. వాడుకలో ఉన్న గుడిని ప్రతి తరం ముట్టుకుంటుంది. కిటికీ పెద్దది చేస్తారు, కప్పు ఎత్తుతారు, పాతది కూల్చి పెద్దది కడతారు, కాలిపోతే వేరేచోటికి పోతారు. మనం "అతి ప్రాచీన గుడి" అని చూపించేది తరచుగా భక్తులు వదిలేసిన గుడి. ప్రాచీనమైన విచారణ మరో చోట, చూడటానికి అంత పాతగా లేని గోడల మధ్య ఉంటుంది.

నవంబర్ 5

నిన్నటి మాటకు ఒక సవరణ. దిబ్బ మీది గుడిని కూడా పూర్తిగా వదల్లేదు. పందొమ్మిదో శతాబ్దం నడిమి కాలంలో ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్‌లు దిబ్బను ఉద్యానవనంగా మార్చారు. వియన్నా నుంచి కోర్న్‌హోయిజెల్ అనే వాస్తుశిల్పి వచ్చాడు. పాత కోట శిథిలాలు పోయి, కింద భవనం లేచింది. గుడికి గచ్చు పూసి గోథిక్ సోకులు దిద్దారు. చుట్టూ మట్టి ఎత్తు పెంచారు. తోటలో అందానికి పెట్టిన బొమ్మలా తయారైంది. వందేళ్లు అది ఆ వేషంలోనే ఉంది. 1947 నుంచి 1955 దాకా పనిచేసి గచ్చు గీకి, మట్టి తవ్వితే కింద ఈ రాళ్లు.

ఆ సంవత్సరాలు గమనించాలి. యుద్ధం అయిపోయింది, సైలీషియా సరిహద్దులన్నీ తిరగరాశారు. 1966కి పోలిష్ రాజ్యానికి వెయ్యేళ్లు నిండుతాయి. 1949 నుంచి దేశమంతటా కోటల తవ్వకాలకు ప్రభుత్వమే డబ్బు పెట్టింది. కమ్యూనిస్టు ప్రభుత్వం గుళ్ల పునాదులు తవ్వించడం వింతగా ఉంటుంది గానీ, వాళ్లకు కావలసింది గుడి కాదు, ఈ నేల మొదటి నుంచీ మనదే అన్న రుజువు. కారణం ఏదైనా తవ్వినవాళ్లు మంచి పండితులు. ఆ తవ్వకాలు లేకపోతే ఇవాళ మనకు తెలిసినదాంట్లో సగం ఉండేది కాదు.

నవంబర్ 9, ఆదివారం

లూథరన్ల యేసు గుడికి వెళ్లాను. లోపల అడుగు పెట్టగానే తల పైకెత్తాల్సి వచ్చింది. అంతస్తుల మీద అంతస్తులుగా మేడలు. వేలమంది పడతారు.

ఇదొక పెద్ద కథ. 1545లో దొరతనం చేపట్టిన వాత్స్‌వాఫ్ ఆదమ్ లూథర్ మతం పుచ్చుకున్నాడు, సన్యాసుల్ని వెళ్లగొట్టాడు, ఊరి విచారణ గుడి లూథరన్ల చేతికి వెళ్లింది. ఆయన కొడుకు మళ్లీ కథోలిక మతంలోకి తిరిగాడు, గుడి మళ్లీ చేతులు మారింది. దొర మతమే ప్రజల మతం కావాలన్న పాత కోట బుద్ధి. ఈసారి జనం వినలేదు. 1653లో దొరసాని ఎల్జ్‌బియెతా లుక్రెత్సియాతో దొరల వంశమే ముగిసి, సీమ హాబ్స్‌బర్గ్‌ల చేతికి పోయింది, గుళ్లన్నీ పోయాయి. అప్పుడు రైతులు అడవుల్లో, కొండల్లో, ఒక రాతిని బలిపీఠం చేసుకుని రహస్యంగా చేరేవాళ్లు. అలాంటి రాళ్లను బెస్కిడ్ కొండల్లో ఇప్పటికీ చూపిస్తారు. 1707లో స్వీడన్ రాజు సైన్యంతో వచ్చి కూర్చుంటే హాబ్స్‌బర్గ్ చక్రవర్తి దిగివచ్చి సైలీషియా మొత్తానికి ఆరు గుళ్లకు అనుమతిచ్చాడు. వాటిలో ఇదొకటి. చెషిన్ సీమకి డెబ్బై ఏళ్లపాటు ఇదొక్కటే. అందుకే ఇన్ని మేడలు. దూరపు ఊళ్ల నుంచి శనివారమే నడక మొదలుపెట్టేవాళ్లు.

రొటుండాలో మేడ ఒక్కడికి. ఇక్కడ మేడలు నడిచివచ్చిన వాళ్లకు. హద్దులు గీసిన విచారణ లేకుండా, గోడలు లేకుండా, గురువు కూడా తరచుగా లేకుండా యాభై ఏళ్లు నిలబడిన సంఘం ఇది. విచారణ వసూళ్ల నుంచి పుట్టిందని మొన్న రాశాను. అది పుట్టుక మాటే, బతుకు మాట వేరు.

నవంబర్ 12

మ్యూజియం. 1802లో లెయొపొల్ద్ షెర్ష్నిక్ అనే ఒకప్పటి యేసుసభ గురువు తన సొంత పుస్తకాలు, రాళ్లు, నాణేలు, పాత కాగితాలు ఊరికి తెరిచిపెట్టాడు. ఇప్పటి పోలెండ్ నేల మీద మొదటి ప్రజా మ్యూజియం ఇదే అంటారు. 1789 మంటల తర్వాత ఊరు తిరిగి కట్టే పనిలోనూ ఆయన చేయి ఉంది. పొదొబొరా పెంకులు కొన్ని చూశాను, అలల గీతలున్న కుండ ముక్కలు. గదుల్లో నేనొక్కణ్ణే. కాపలా ఆవిడ నా వెనకే తిరుగుతూ ముందు గదిలో దీపం వేస్తూ, వెనక గదిలో ఆర్పుతూ వచ్చింది.

నవంబర్ 16, ఆదివారం

ఇప్పటి విచారణ గుడి, ఒకప్పుడు దొమినికన్లది. పదమూడో శతాబ్దం చివరి నాటిది. బలిపీఠం బరోక్ కాలానిది, నాకంత రుచించలేదు. నేను చూడాలనుకున్నది ప్షెమిస్వాఫ్ నొషాక్ దొర సమాధి శిల. 1410లో పోయాడు. కవచంతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. దొరలు తమ సమాధులకు ఊరి గుడిని కాక మఠం గుడినే ఎంచుకున్నారు. సన్యాసులు నిత్యం ప్రార్థిస్తారు, అంగళ్లవాళ్ల గోల ఉండదు. నిప్పు వచ్చి ఆ అంగళ్లవాళ్ల వారసుల్నే తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టింది. ఇవాళ దొర శిల దగ్గరి బల్ల మీద ఒకమ్మాయి చంటిబిడ్డను ఊపుతూ కూర్చుంది, బిడ్డ బూటు ఒకటి కింద పడితే వంగి తీసి ఇచ్చాను.

పూజ అయ్యాక గుమ్మం దగ్గర ప్రకటనల బోర్డు చదివించుకున్నాను మా వాడితో. ఈ వారం పూజలు ఎవరెవరి పేరున. పెళ్లి ప్రకటనలు రెండు. గతవారం కానుకల మొత్తం, గుడి మరమ్మత్తుకు ఇంకా రావలసింది.

"బాబాయ్, మనమూ ఏమైనా వెయ్యాలా?" అన్నాడు వాడు.

ఇరవై నోటు ఒకటి డబ్బాలో వేయించాను.